ఫ్యాషన్ పత్రికల ముఖచిత్రాలు: జాతి ప్రాతినిధ్యం – నామమాత్రత

వ్యాస సంగ్రహం

ఫ్యాషన్ పత్రిక ముఖచిత్రం అమ్మకపు సాధనం మాత్రమే కాదు. ఒక సమాజం ఎవరిని అందానికి ప్రమాణంగా అంగీకరిస్తున్నదో తెలిపే సాంస్కృతిక పత్రం కూడా. 1966 నుంచి 2022 వరకు ప్రధానంగా ‘వోగ్’ పత్రిక వివిధ దేశాల సంచికల్లో వెలువడిన కొన్ని ముఖచిత్రాల ఆధారంగా, నల్లజాతి వారికి లభించిన ప్రాతినిధ్యంలో వాస్తవమెంత, నామమాత్రమెంత అన్న అంశాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ‘మొట్టమొదటి’ అనే విశేషణం చుట్టూ అల్లుకున్న ప్రశంసను ప్రశ్నించి, పునరావృత్తి, చిత్రణ, కర్తృత్వం అనే మూడు ప్రమాణాలను విశ్లేషణకు ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ముఖచిత్రం, జాతి ప్రాతినిధ్యం, నామమాత్రత, సౌందర్య ప్రమాణం, వర్ణ వివక్ష, కర్తృత్వం.

1. ఉపోద్ఘాతం

పత్రిక ముఖచిత్రాన్ని సాహిత్య పాఠంలాగా చదవవచ్చునని నిరూపించిన తొలి విమర్శకులలో ఫ్రెంచి సిద్ధాంతకర్త రోలా బార్త్ ముఖ్యుడు. 1957లో వెలువడిన ‘మైథాలజీస్’ గ్రంథంలో ఆయన ‘పారి మ్యాచ్’ పత్రిక ముఖచిత్రం ఒకదానిని విశ్లేషించాడు. ఫ్రెంచి సైనిక దుస్తులు ధరించిన ఒక నల్లజాతి యువకుడు వందనం చేస్తున్న చిత్రమది. కంటికి కనిపించేది వందనమే. అయితే ఆ చిత్రం పాఠకుడికి చేరవేసే అర్థం వేరు: ఫ్రాన్సు గొప్ప సామ్రాజ్యమనీ, రంగుల తేడా లేకుండా దాని బిడ్డలందరూ దాని జెండాకు విధేయులనీ ఆ చిత్రం నమ్మిస్తుంది. ఆ యువకుడి సొంత చరిత్ర, అతని దేశం అనుభవించిన వలస పీడన ఆ అర్థం వెనుక అదృశ్యమవుతాయి.

ఈ విశ్లేషణ ఫ్యాషన్ పత్రికలకు మరింత బాగా వర్తిస్తుంది. వార్తాపత్రిక చిత్రం ‘ఇది జరిగింది’ అంటుంది. ఫ్యాషన్ పత్రిక చిత్రం ‘ఇలా ఉండాలి’ అంటుంది. ఆ ఆదర్శ స్థానంలో ఎవరి ముఖం కనిపిస్తుంది, ఎంత తరచుగా కనిపిస్తుంది, ఆ ముఖాన్ని ఎవరు తీర్చిదిద్దుతారు అన్నవి కేవలం అలంకరణకు సంబంధించిన ప్రశ్నలు కావు. అవి అధికారానికి సంబంధించిన ప్రశ్నలు.

2. నామమాత్రత: భావన

‘టోకెనిజం’ అనే మాటకు రాజకీయ ప్రాచుర్యం అమెరికా పౌరహక్కుల ఉద్యమ కాలంలో లభించింది. 1962లో మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ ‘న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్’లో ఈ ధోరణికి వ్యతిరేకంగా ఒక వ్యాసం రాశాడు. కొద్దిమంది నల్లజాతి పిల్లలను తెల్లవారి బడులలో చేర్చుకొని సమానత్వం వచ్చేసిందని చూపించే పద్ధతిని ఆయన ఎండగట్టాడు. కొద్దిమందిని లోపలికి రానివ్వడం ద్వారా మిగిలినవారిని బయటే ఉంచడానికి సమర్థన దొరకడం ఈ ధోరణి స్వభావం.

సామాజిక శాస్త్రంలో ఈ భావనకు స్పష్టమైన రూపమిచ్చినది రోజబెత్ మాస్ క్యాంటర్. 1977లో ప్రచురితమైన తన గ్రంథంలో ఆమె ఒక పెద్ద సంస్థలోని స్త్రీల స్థితిని అధ్యయనం చేసింది. ఒక బృందంలో ఒక వర్గం వారు సుమారు 15 శాతం లోపు ఉన్నప్పుడు వారిని వ్యక్తులుగా కాక ఆ వర్గానికి ప్రతీకలుగా చూస్తారని ఆమె పేర్కొంది. వారిపై అందరి దృష్టీ అతిగా పడుతుంది. వారికీ మిగిలినవారికీ మధ్య భేదాన్ని పెద్దది చేసి చూస్తారు. ముందే ఉన్న మూసలో వారిని ఇముడుస్తారు. ముఖచిత్రానికి ఈ మూడు లక్షణాలూ అన్వయిస్తాయి. ఎప్పుడో ఒకసారి కనిపించే నల్లజాతి ముఖం ‘ఒక స్త్రీ’గా కాక ‘నల్లజాతి స్త్రీ’గానే పాఠకుల ముందుకు వస్తుంది.

3. ‘మొట్టమొదటి’ల చరిత్ర

‘వోగ్’ 1892లో న్యూయార్క్‌లో మొదలైంది. ఆ పేరుతో వెలువడే ఏ దేశపు సంచికలోనైనా నల్లజాతి మోడల్ ముఖచిత్రంగా కనిపించడానికి 1966 మార్చి వరకు ఆగవలసి వచ్చింది. బ్రిటిష్ ‘వోగ్’ సంచికపై కనిపించిన ఆ మోడల్, డెట్రాయిట్‌లో పుట్టిన డొన్యేల్ లూనా. ఛాయాచిత్రకారుడు డేవిడ్ బెయిలీ తీసిన ఆ చిత్రంలో ఆమె చేయి ముఖంలో చాలా భాగాన్ని కప్పేస్తుంది. వేళ్ల మధ్య నుంచి ఒక కన్ను పాఠకుడిని చూస్తుంది. ఆ భంగిమకు పికాసో చిత్రకళ ప్రేరణ అన్నవారు ఉన్నారు. ఆమె జాతిని సూచించే ముక్కు, పెదవులు కనబడకుండా చేసిన ఏర్పాటు అన్నవారూ ఉన్నారు. ఉద్దేశం ఏదైనా ఫలితం ఒకటే: తొలిసారి ముఖచిత్రమైన ముఖం పూర్తిగా కనిపించలేదు. అంతకు ముందు 1965 జనవరిలో ‘హార్పర్స్ బజార్’ ముఖపత్రంపై లూనా కనిపించింది, అయితే ఛాయాచిత్రంగా కాదు, గీసిన బొమ్మగా.

అమెరికాలో 1968 ఆగస్టు ‘గ్లామర్’ సంచికపై కళాశాల విద్యార్థిని కటిటి కిరోండే కనిపించింది. అమెరికన్ ‘వోగ్’ మాత్రం 1974 ఆగస్టులో బెవర్లీ జాన్సన్‌కు ఆ స్థానం ఇచ్చింది. ఫ్రాన్సెస్కో స్కావుల్లో తీసిన ఆ చిత్రానికి ముందు ఆ పత్రికకు 82 ఏళ్ల చరిత్ర ఉంది. ఫ్రెంచి ‘వోగ్’ 1988 ఆగస్టు సంచికపై నవోమి క్యాంప్‌బెల్ చిత్రం వెలువడింది. ఆమెకు అవకాశం ఇవ్వకపోతే తన ప్రకటనలు నిలిపివేస్తానని దుస్తుల రూపకర్త ఇవ్ సాఁ లోరాఁ పత్రికను హెచ్చరించాడని క్యాంప్‌బెల్ స్వయంగా చెప్పింది. ఈ ఉదంతం ముఖ్యమైనది. ముఖచిత్రాన్ని నిర్ణయించేది సంపాదకుల సౌందర్య దృష్టి ఒక్కటే కాదని, ప్రకటనదారుడి డబ్బుకు కూడా అందులో పాత్ర ఉన్నదని ఇది తెలుపుతుంది. తలుపు తెరుచుకున్నది సూత్రం వల్ల కాదు, పలుకుబడి గల ఒక శ్వేతజాతి పురుషుడి ఒత్తిడి వల్ల.

ఇలాంటి ప్రతి ‘మొట్టమొదటి’ ఘటననూ పత్రికలు విజయోత్సవంగా జరుపుకుంటాయి. నిజానికి ఆ విశేషణం పత్రికకు ప్రశంస కాదు. అప్పటి దాకా సాగిన మినహాయింపునకు సాక్ష్యం. అంతకన్నా కీలకమైన ప్రశ్న రెండవ, మూడవ అవకాశాలు ఎప్పుడు వచ్చాయన్నది. బ్రిటిష్ ‘వోగ్’పై 2002 ఆగస్టులో నవోమి క్యాంప్‌బెల్ ఒంటరిగా కనిపించిన తరువాత, మరొక నల్లజాతి మోడల్ ఒంటరిగా కనిపించినది 2015 ఫిబ్రవరిలో జోర్డన్ డన్ చిత్రంతో. నడుమ గడిచిన కాలం 12 ఏళ్లకు పైమాటే. లూనా తలుపు తీసి అప్పటికి దాదాపు అర్ధ శతాబ్దం. ఒకసారి తెరిచిన తలుపు తిరిగి మూసుకుపోవచ్చునని ఈ విరామం చెబుతుంది.

4. ప్రత్యేక సంచిక అనే చిక్కు

2008 జూలైలో ఇటాలియన్ ‘వోగ్’ సంపాదకురాలు ఫ్రాంకా సొజ్జానీ నల్లజాతి మోడళ్లకే అంకితమైన సంచికను వెలువరించింది. స్టీవెన్ మైజెల్ తీసిన నాలుగు ముఖచిత్రాలపై నవోమి క్యాంప్‌బెల్, లియా కెబెడే, జోర్డన్ డన్, సెసిలీ లోపెజ్ కనిపించారు. నల్లజాతి ముఖాలుంటే పత్రిక అమ్ముడుపోదన్న వ్యాపార వర్గాల వాదనను ఆ సంచిక బద్దలు కొట్టింది; గిరాకీని తట్టుకోలేక దానిని పునర్ముద్రించవలసి వచ్చింది.

ఈ మేలును అంగీకరిస్తూనే రెండు విషయాలను గమనించాలి. మొదటిది, సంపాదకీయ పుటల్లో నల్లజాతి మోడళ్లు నిండినా, ప్రకటనల పుటల్లో అధికభాగం శ్వేతజాతి ముఖాలే ఉన్నాయి. పత్రికకు ఆదాయం తెచ్చే పుటలు మారలేదు. రెండవది, ఒక నెలను ‘నల్లజాతి సంచిక’ అని పిలిస్తే, పేరు పెట్టని మిగతా 11 నెలలు ఏ జాతి సంచికలు? తెల్లదనం పేరు అవసరం లేని సాధారణ స్థితిగా, నల్లదనం ప్రత్యేకంగా ప్రకటించవలసిన విశేషంగా ఈ నామకరణంలోనే స్థిరపడుతున్నాయి. బెల్ హుక్స్ 1992 నాటి తన వ్యాసంలో, భిన్న జాతుల వారి ఉనికిని ఆధిపత్య సంస్కృతి తన చప్పిడి వంటకానికి రుచినిచ్చే దినుసుగా వాడుకుంటుందని చేసిన విమర్శ ఇక్కడ స్మరణీయం. దినుసు వంటకాన్ని రుచికరం చేస్తుంది గాని, వంటగది యాజమాన్యాన్ని మార్చదు.

5. చిత్రణ: భంగిమ, వెలుతురు

ప్రాతినిధ్యాన్ని సంఖ్యతో మాత్రమే కొలిచే విమర్శ అసంపూర్ణం. 2008 ఏప్రిల్ అమెరికన్ ‘వోగ్’ ముఖచిత్రం ఇందుకు ఉదాహరణ. ఆ పత్రిక ముఖపత్రానికి ఎక్కిన తొలి నల్లజాతి పురుషుడు బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు లెబ్రాన్ జేమ్స్. ఆనీ లైబొవిట్జ్ తీసిన ఆ చిత్రంలో అతడు నోరు తెరిచి గర్జిస్తున్నట్లుగా, ఒక చేత్తో బంతిని, మరొక చేత్తో మోడల్ జిజెల్ బుంద్షెన్ నడుమును పట్టుకొని ఉంటాడు. అది ‘కింగ్ కాంగ్’ను, మొదటి ప్రపంచయుద్ధ కాలపు అమెరికన్ సైనిక పోస్టరులో స్త్రీని ఎత్తుకుపోతున్న గొరిల్లాను గుర్తుకు తెస్తున్నదని విమర్శకులు ఆక్షేపించారు. ఉనికి లభించింది, దానితోపాటే పాత మూస కూడా తిరిగి వచ్చింది. స్టూవర్ట్ హాల్ వివరించినట్లు, మూస చిత్రణ మనిషిని కొన్ని స్థిర లక్షణాలకు కుదించివేస్తుంది. ఆదరంతో చేసిన చిత్రణలో సైతం ఆ కుదింపు సాధ్యమే.

వెలుతురు కూడా తటస్థమైనది కాదు. కొడాక్ సంస్థ ఫిల్మ్ రంగులను సరిచూసుకోవడానికి ప్రయోగశాలలకు పంపిన ‘షర్లీ కార్డుల’పై దశాబ్దాల పాటు శ్వేతజాతి స్త్రీ చిత్రమే ఉండేది. ఆ చర్మఛాయకు అనువుగా రంగుల సమతౌల్యం కుదిరితే చిత్రం బాగా వచ్చినట్లు లెక్క. అంటే సౌందర్య ప్రమాణం సంపాదకుడి మనసులోకి రాకముందే రసాయనాలలోకి, యంత్రంలోకి చేరింది. 2020 ఆగస్టు ‘వోగ్’పై జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ చిత్రం వచ్చినప్పుడు, ఆమె చర్మఛాయ వెలవెలబోయేలా వెలుతురు అమర్చారని వచ్చిన ఆక్షేపణను ఈ చరిత్రతో కలిపి చదవాలి.

6. కర్తృత్వం

ముఖచిత్రంలో నల్లజాతి ముఖం కనిపించడం ఒకటి. దానిని రూపొందించే చేతులలో నల్లజాతి చేతులుండడం వేరొకటి. అమెరికన్ ‘వోగ్’ ముఖచిత్రాన్ని తీసిన తొలి నల్లజాతి ఛాయాచిత్రకారుడు టైలర్ మిచెల్. 2018 సెప్టెంబరు సంచికకు అతడు గాయని బియాన్సేను చిత్రించాడు. అప్పటికి అతని వయసు 23 ఏళ్లు, పత్రిక వయసు 126 ఏళ్లు. బెవర్లీ జాన్సన్ కెమెరా ముందుకు వచ్చిన 1974 నుంచి మిచెల్ కెమెరా వెనుకకు చేరిన 2018 వరకు 44 ఏళ్లు. నామమాత్రతను కొలవడానికి ఈ అంతరం కంటే స్పష్టమైన కొలమానం లేదు. 2020 జూన్‌లో సంపాదకురాలు ఆనా వింటర్ తన సిబ్బందికి రాసిన లేఖలో, నల్లజాతి సంపాదకులకు, రచయితలకు, ఛాయాచిత్రకారులకు, రూపకర్తలకు తగిన చోటు కల్పించలేకపోయామని అంగీకరించవలసి వచ్చింది.

అయితే కర్తృత్వం కూడా సర్వరోగ నివారిణి కాదు. 2021 ఫిబ్రవరి సంచికకు కమలా హారిస్‌ను మిచెల్ చిత్రించాడు. ఆయన తీసిన చిత్రాలలో నీలి సూటు ధరించిన గంభీరమైన చిత్రాన్ని కాక, సాదా బూట్లతో ఉన్నదానిని ముద్రిత ముఖపత్రానికి ఎంచుకోవడం వివాదమైంది. అంతిమ ఎంపిక ఛాయాచిత్రకారుడి చేతిలో లేదు. ఘానాలో జన్మించిన ఎడ్వర్డ్ ఎనిన్‌ఫుల్ 2017లో బ్రిటిష్ ‘వోగ్’ సంపాదకుడైన తరువాత ఆ పత్రిక ముఖచిత్రాలలో వైవిధ్యం గణనీయంగా పెరిగింది. అయినా 2022 ఫిబ్రవరిలో తొమ్మిది మంది ఆఫ్రికన్ మోడళ్లతో ఆయన వెలువరించిన ముఖచిత్రంపై, వారి చర్మఛాయను సహజం కన్నా నల్లగా చూపి ఒకే మూసలోకి తెచ్చారన్న విమర్శ వచ్చింది. తెల్లబరచడం ఒక తప్పయితే, నల్లదనాన్ని దృశ్య వింతగా మలచడం మరో తప్పు కావచ్చు.

7. భారతీయ సందర్భం

భారతదేశంలో ప్రశ్న మరో రూపం తీసుకుంటుంది. 2007 అక్టోబరులో వెలువడిన ‘వోగ్ ఇండియా’ తొలి ముఖచిత్రంలో బిపాషా బసు, ప్రియాంకా చోప్రాల నడుమ ఆస్ట్రేలియాకు చెందిన శ్వేతజాతి మోడల్ జెమ్మా వార్డ్ ఉంది. 2017 మేలో పదవ వార్షికోత్సవ సంచికపై అమెరికన్ మోడల్ కెండల్ జెన్నర్ కనిపించింది. ఇక్కడ శ్వేతజాతి ముఖం సంఖ్యలో అల్పమైనా నామమాత్రం కాదు. అంతర్జాతీయ స్థాయికి హామీపత్రం. అల్పసంఖ్య తనంతట తాను నామమాత్రతకు కారణం కాదనీ, అల్పసంఖ్యతో బలహీనత కలిసినప్పుడే అది ఏర్పడుతుందనీ ఈ ఉదాహరణ వల్ల తేలుతుంది. క్యాంటర్ శాతాల సూత్రానికి ఇది అవసరమైన సవరణ.

తెలుగు మూలాలున్న నీనా దావులూరి 2013 సెప్టెంబరులో మిస్ అమెరికా కిరీటం పొందినప్పుడు, అమెరికాలో కొందరు ఆమెను పరాయిదిగా దూషించారు. అదే సమయంలో భారతదేశంలో, అంత చామనఛాయ గల యువతి ఇక్కడి పోటీలలో నెగ్గగలదా అన్న చర్చ జరిగింది. ఒకే ముఖం ఒక దేశంలో జాతి కొలమానానికీ, మరొక దేశంలో ఛాయ కొలమానానికీ గురైంది. ఈ రెండూ ఒకటి కావు. అమెరికాలోని జాతి వివక్షకు బానిసత్వ చరిత్ర ఉంది. ఇక్కడి రంగు పట్టింపు కులం, పెళ్లి సంబంధాల లెక్కలతో ముడిపడింది. పెళ్లి ప్రకటనల్లోని ‘మంచి రంగు’ అనే షరతును ‘వోగ్’ చరిత్రతో సమానం చేయడం తేలిక పోలిక అవుతుంది. కాని ప్రమాణాన్ని ఎవరు నిర్ణయిస్తున్నారన్న ప్రశ్న రెండు చోట్లా వేయదగినదే.

8. ముగింపు

ఒక ముఖచిత్రం వల్ల ఏమీ మారదనడం అన్యాయం. పత్రికల దుకాణంలో తనలాంటి ముఖాన్ని తొలిసారి చూసిన బాలికకు ఆ చిత్రం ఇచ్చే ధైర్యం తక్కువది కాదు. లూనా, జాన్సన్, క్యాంప్‌బెల్‌ల శ్రమను నామమాత్రం అని కొట్టివేయడానికి వీలులేదు. నామమాత్రత ఆ స్త్రీల గుణం కాదు, వారిని వాడుకున్న వ్యవస్థ గుణం. విమర్శకుడు ఈ భేదాన్ని విస్మరిస్తే, వివక్షను ఎదిరించినవారినే మరొకసారి చిన్నబుచ్చినవాడవుతాడు.

పై పరిశీలన వల్ల మూడు ప్రమాణాలు తేలుతున్నాయి. ఆ ముఖం మళ్లీ మళ్లీ, విశేషంగా ప్రకటించవలసిన అవసరం లేకుండా కనిపిస్తున్నదా అన్నది పునరావృత్తి. ఆమెను వ్యక్తిగా చూపారా, మూసగా చూపారా అన్నది చిత్రణ. తీసిన, ఎంచిన, ఆమోదించిన అధికారం ఎవరిదన్నది కర్తృత్వం. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ చాలదని 2008, 2021, 2022 నాటి ఉదాహరణలు రుజువు చేస్తున్నాయి. నల్లజాతి స్త్రీ ముఖచిత్రం వార్త కాకుండా పోయిన నాడే దాని ప్రాతినిధ్యం సంపూర్ణమవుతుంది. అంతవరకు ప్రతి ‘మొట్టమొదటి’ ప్రకటన ఎదుట, అంతకు ముందు గడిచిన ఏళ్లను లెక్కించడం విమర్శ బాధ్యత.