‘అనల్ మలిక్’ సిద్ధాంతం: ఒక విమర్శ

హైదరాబాదు సంస్థానపు ముస్లిములకు ప్రజాస్వామ్యమంటే గిట్టదన్న మాట తరచు వినవస్తుంది. ఇందుకు రుజువుగా చూపబడేది మజ్లిసె ఇత్తెహాదుల్ ముస్లిమీన్ నాయకుడు నవాబ్ బహదూర్ యార్ జంగ్ (1905–1944) ప్రచారం చేసిన ‘అనల్ మలిక్’ సిద్ధాంతం. ‘నేనే పాలకుణ్ణి’ అని దీని అర్థం. సార్వభౌమత్వం సంస్థానంలోని ముస్లిం సముదాయానిది, నిజాం దానికి చిహ్నం మాత్రమే అని సారాంశం.

ఇందులోని రెండు అంశాలను విడదీసి చూడవలసియున్నది. రాజ్యం రాజు సొంత సొత్తు కాదనడం ఆ కాలంలో సామాన్యమైన సాహసం కాదు. గద్దెలో తనకూ భాగమున్నదన్న మాట బండి తోలుకొనే పేద ముస్లింకు ఎంత ఉత్సాహం కలిగించి ఉంటుందో ఊహించవచ్చు. కాని రెండవ అడుగులోనే వాకిలి మూతపడింది. జనాభాలో అత్యధికులైన ఇతరులకు ఆ గద్దెలో చోటు లేదు. అసలు ఆ పేరే ఆలోచింపదగినది. ‘అల్ మలిక్’ దైవనామాలలో ఒకటి. దైవానికి చెందినదానిని ఒక సముదాయం తన పేర వ్రాసుకొనడానికి ఖుర్ఆన్‌లో ఆధారం కనబడదు. అష్షూరా సూరాలో (42:38) చెప్పబడిన పరస్పర సంప్రదింపు అధికారానికి హద్దే గాని పట్టా కాదు.

1939లో నిజాం ప్రభుత్వం ప్రకటించిన సంస్కరణలు వృత్తులవారీ ప్రాతినిధ్యం గురించి, హిందూ ముస్లిములకు సమాన స్థానాల గురించి చెప్పాయి. ప్రభుత్వం ప్రజలకు జవాబుదారీ అని మాత్రం అనలేదు.

ప్రజల పేరనే 1787లో వెలసిన అమెరికా రాజ్యాంగం కూడ బానిసలను ఆ ప్రజలలో చేర్చలేదు. ప్రాతినిధ్యపు లెక్కకు మాత్రం వారిలో అయిదింట మూడు వంతులను కలుపుకొన్నది! జాతి, వర్ణాల కారణంగా ఓటు నిరాకరించరాదని 1870లో సవరణ వచ్చినా, అది గట్టిగా అమలు కావడానికి 1965 నాటి చట్టం కావలసివచ్చింది.

ఇక్కడ వరంగల్లు కోటలో 1946 ఆగస్టు 11న జాతీయ జెండా ఎగురవేసిన సందర్భంలో బత్తిని మొగిలయ్య రజాకార్ల చేతిలో హతుడయ్యాడు. అయితే వాకిలి తెరవమన్నవారిలో ముస్లిములూ ఉన్నారు. నాటి వరంగల్లు జిల్లా సుబ్రవేడులో జన్మించిన షోయబుల్లాఖాన్ తన ఉర్దూ పత్రిక ‘ఇమ్రోజ్’లో రజాకార్లను ఖండించి, సంస్థానం భారత యూనియన్‌లో చేరాలని వ్రాశారు. 1948 ఆగస్టులో ఆయనను చేయి నరికి చంపారు. ముస్లిములకు ప్రజాస్వామ్యం గిట్టదనేవారు ఈ పేరును ఎక్కడ ఉంచుతారు?

ఆ సెప్టెంబరు సైనిక చర్య వెనువెంట జరిగిన హత్యాకాండలో, ఏ సిద్ధాంతమూ ఎరుగని పల్లె ముస్లిములు బలి అయ్యారు. సంస్థానమంతటా మృతులు 27,000 నుండి 40,000 అని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక 2013 దాకా ప్రజలకు అందుబాటులోకి రాలేదు.