ఒప్పుకోలు నుండి సాక్ష్యానికి: చౌధరి, జాషువ రచనల్లో క్రైస్తవ విశ్వాస ప్రకటన

తెలుగు క్రైస్తవ పరిభాషలో విశ్వాస ప్రకటనకు సంబంధించి రెండు మాటలు ప్రధానమైనవి: ఒప్పుకోలు, సాక్ష్యం. పాపాన్ని అంగీకరించడానికీ, యేసును ప్రభువుగా నోటితో ప్రకటించడానికీ తెలుగు బైబిలు 'ఒప్పుకొను' అనే ఒకే క్రియను వాడింది. అందువల్ల ఆ ప్రకటనలో వినయం, ధైర్యం విడదీయరానివయ్యాయి. 'సాక్షి' అనే మాట చరిత్ర మరో రకమైనది. అద్వైత వేదాంతంలో సాక్షి దేనికీ అంటని చైతన్యం. న్యాయస్థానంలో సాక్షి చూసినది చెప్పేవాడు. క్రైస్తవ వ్యవహారంలో సాక్షి తాను చెప్పినదానికి మూల్యం చెల్లించడానికి సిద్ధపడినవాడు. విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవారిని 'హతసాక్షులు' అనడం ఇందుకు నిదర్శనం.

ఈ రెండు మాటలు సూచించే వైఖరులు తెలుగు క్రైస్తవ కవిత్వంలో రెండు ప్రక్రియలుగా రూపొందాయి. కీర్తన ఒప్పుకోలుకు, పద్యకావ్యం సాక్ష్యానికి ఆధారమయ్యాయి. పురుషోత్తమ చౌధరి (1803–1890) కీర్తనలను, గుఱ్ఱం జాషువ (1895–1971) 'క్రీస్తు చరిత్ర'ను పక్కపక్కన ఉంచి చూస్తే, విశ్వాసాన్ని బాహాటంగా చెప్పడమంటే ఏమిటో, ఎవరితో చెప్పడమో స్పష్టమవుతుంది.

పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన చౌధరి 1833లో బాప్తిస్మం పొందారు. ఆ కాలంలో అది మతానికి మాత్రమే పరిమితమైన నిర్ణయం కాదు. కులాన్ని, బంధువర్గాన్ని వదులుకోవడం కూడా. విగ్రహారాధనను, కులాచారాలను ఖండిస్తూ ఆయన రచనలు చేశారు. ఆ ఖండన రచనలు నేడు పరిశోధకులకు మాత్రమే తెలుసు. కీర్తనలు మాత్రం 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' సంపుటి ద్వారా ఆరాధనల్లో ఇప్పటికీ వినిపిస్తున్నాయి. వాదం మరుగున పడి పాట నిలవడం యాదృచ్ఛికం కాదు. వాదం ప్రత్యర్థి ఉన్నంతవరకే నిలుస్తుంది. కీర్తనకు కావలసినది ప్రత్యర్థి కాదు, గొంతు కలిపేవారు.

చౌధరి కీర్తనల్లోని వక్త ఉత్తమపురుషలో మాట్లాడతాడు. తన దోషాన్ని చెప్పుకొంటాడు, శరణు వేడుతాడు, నాథుని దయను స్మరిస్తాడు. శరణు, చరణం, నాథుడు, దయ వంటి పదాలు తెలుగు భక్తి సంప్రదాయానికి చిరపరిచితాలు. రాగతాళాల నిర్దేశమూ ఆ సంప్రదాయానిదే. విశ్వాసం మారినా భక్తుని భాషను వదులుకోనవసరం లేదని ఈ కీర్తనలు నిరూపించాయి. అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. సమాజమంతా కలిసి పాడినప్పుడు కీర్తనలోని 'నేను' ఒక్కరిది కాకుండా పోతుంది. అక్షరజ్ఞానం లేని విశ్వాసి కూడా కవి ఒప్పుకోలును తన ఒప్పుకోలుగా పలుకగలడు. అయితే ఈ బలమే కీర్తనకు పరిమితి కూడా. అది ఆరాధన మందిరం లోపల పుట్టి, అక్కడి వారికే ప్రధానంగా వినిపిస్తుంది.

మందిరం గడప దాటి సాహితీ సభలోకి క్రీస్తు కథను తీసుకొని వెళ్లే ప్రయత్నం జాషువతో మొదలు కాలేదు. 18వ శతాబ్దంలో మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను 'వేదాంత రసాయనం' పేరుతో ప్రబంధంగా రచించారు. ఆ పేరులోనే కొత్త విశ్వాసాన్ని పాఠకునికి పరిచితమైన మాట ఆశ్రయంతో పరిచయం చేసే ధోరణి కనిపిస్తుంది. జాషువ తన కావ్యానికి 'క్రీస్తు చరిత్ర' అని నిరాడంబరంగా పేరు పెట్టారు. ఇందులో ఎవరి అనుమతినీ కోరని నిబ్బరం ఉంది. ఈ కావ్యానికే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

జాషువ నిబ్బరానికి మూలం ఆయన సమగ్ర కావ్యజీవితంలో వెతకాలి. 'ఫిరదౌసి'లో ఆయన పారశీక కవి వేదనను పలికించారు. 'గబ్బిలం'లో ఒక అస్పృశ్యుడు కాశీ విశ్వనాథునికి తన గోడు విన్నవించుకొంటాడు. హైందవ భక్తుని ఆర్తిని క్రైస్తవ కవి ఇంత సహజంగా పలికించడం విశ్వాస దౌర్బల్యం కాదు. తన నమ్మకంపై స్థిరంగా నిలిచినవాడే ఇతరుల నమ్మకంలోకి భయం లేకుండా ప్రవేశించగలడు. ఈ వైఖరికి ఆయన మూల్యం చెల్లించారు. కులం పేరుతో సాహితీ సభల్లో అవమానాలు పడ్డారు. పౌరాణిక ఇతివృత్తాలు స్వీకరించినందుకు స్వమతస్థుల ఆగ్రహాన్నీ చవిచూశారు. తనను విశ్వనరుడిగా చెప్పుకొన్న కవి క్రీస్తు కథను రాయడం సంకుచితత్వంలోకి తిరిగిపోవడం కాదు. విశ్వనరునికీ ఒక స్వంత విశ్వాసం ఉంటుందని తెలపడం.

పద్యకావ్య రూపంలో ఒదిగితే క్రీస్తు మరో పురాణ నాయకుడిగా మిగిలిపోడా అనే ప్రశ్న సమంజసమైనదే. ఛందస్సు, వర్ణన, అలంకారం తమవెంట పాత సంస్కారాలనూ తీసుకొని వస్తాయి. కానీ ఇతివృత్తం ఆ సంస్కారాలను లోపలినుండి ఎదిరిస్తుంది. ఆలంకారికులు నిర్దేశించిన కావ్యనాయకుడు ఉన్నత వంశజుడు, విజేత. ఇక్కడి నాయకుడు వడ్రంగి ఇంట పెరిగినవాడు, జాలరుల సహచరుడు, సమాజం వెలివేసినవారితో కలిసి భుజించినవాడు, నేరస్థునిగా సిలువపై మరణించినవాడు. అంటరానితనాన్ని అనుభవించిన కవి ఈ జీవితాన్ని సంప్రదాయ పద్యంలో నిలిపినప్పుడు ఉదాత్తత అనే భావనకే కొత్త అర్థం వస్తుంది. కావ్యం చేసే సాక్ష్యం ఇదే. అది మతం మారమని పాఠకుణ్ణి అడగదు. ఎవరు కావ్యార్హులో మళ్లీ ఆలోచించమంటుంది.

'గబ్బిలం' కవిగా జాషువను చదివే విమర్శ 'క్రీస్తు చరిత్ర'ను పురస్కార ప్రస్తావనకు పరిమితం చేయడం, చౌధరిని కీర్తనల పుస్తకానికి వదిలేయడం ఒకే లోపానికి రెండు ముఖాలు. విశ్వాసాన్ని సాహిత్యేతర విషయంగా భావించడమే ఆ లోపం. ఇద్దరినీ కలిపి చదివితే ఆ భావన నిలవదు. చౌధరి తన ఒప్పుకోలుకు పదిమంది గొంతులు తోడు చేసుకొన్నారు. జాషువ తనతో ఏకీభవించని పాఠకుని ఎదుట నిలిచి, అతని ఛందస్సులోనే సాక్ష్యం చెప్పారు. మొదటిది లేకుండా విశ్వాసానికి సమాజం లేదు. రెండవది లేకుండా ఆ సమాజానికి ఇరుగుపొరుగు లేదు.