బరువు తెలిసిన గీత

శ్మశానంలో విక్రమార్కుడు నడిచి వస్తున్నాడు. చేతిలో దూసిన కత్తి, భుజాన శవం. పిల్లల పత్రిక చందమామ చదివి పెరిగిన తెలుగువాళ్ళకి ఈ బొమ్మ కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది. శవంలో దూరి కథలు చెప్పే బేతాళుణ్ణి ఎవరూ చూడలేదు. అయినా ఆ బొమ్మ ముందు ఏ పిల్లవాడికీ అనుమానం రాలేదు. ఎందుకు రాలేదో తెలుసుకోవాలంటే బేతాళుణ్ణి పక్కనపెట్టి రాజు ఒంటిని చూడాలి. భుజం మీద బరువున్న మనిషి ఎలా అడుగు వేస్తాడో రాజు అలాగే వేస్తున్నాడు. ప్రాణం పోయిన చేతులు ఎలా వేలాడతాయో శవం చేతులు అలాగే వేలాడుతున్నాయి. బరువు నిజమైంది కాబట్టి బేతాళుడూ నిజమైపోయాడు.

చూడని లోకాన్ని గీసేవాళ్ళ విద్య అంతా ఇందులోనే ఉందని నా నమ్మకం. కాలయంత్రాలూ గ్రహాంతర నగరాలూ గీసే నేటి సైన్స్ ఫిక్షన్ చిత్రకారుడికైనా ఇదే మొదటి పాఠం. ఆ పాఠం మన భాషలో మద్రాసు వడపళనిలో, సిరా వాసన మధ్య తయారైంది.

బి. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో చందమామను తెలుగులోనూ తమిళంలోనూ మొదలుపెట్టారు. తర్వాత అది డజను దాటిన భాషలకు పాకింది. మాటలు భాషకొకటిగా మారేవి కాని బొమ్మలు మాత్రం అవే. అంటే వడపళనిలో గీసిన ఒక రాక్షసుణ్ణి చూసి ఆంధ్రలో పిల్లవాడూ, గుజరాత్‌లో పిల్లవాడూ ఒకేలా జడుసుకోవాలి. ఈ బాధ్యతను మోసినవాళ్ళలో ఇద్దరి చేతిపని మన కళ్ళలో నిలిచిపోయింది. ఒకరు 'చిత్రా'గా సంతకం చేసిన టి.వి. రాఘవన్, మరొకరు 'శంకర్' అనే కె.సి. శివశంకరన్. శంకర్ మద్రాసు చిత్రకళా పాఠశాలలో దేవీప్రసాద్ రాయ్ చౌధురి దగ్గర చదువుకున్నారు. మెరీనా తీరంలో నలుగురు కూలీలు బండను కదిలిస్తున్న శిల్పం ఆ గురువుగారిదే. ఆ శిల్పాన్ని దగ్గరనుంచి చూడండి: బండ ఎంత బరువో ఆ నరాలే చెబుతాయి. ఒంటిమీద బరువు పడితే కండ ఏమవుతుందో అంతగా తెలిసిన గురువు శిష్యుడు విక్రమార్కుడి భుజాన శవం పెట్టారు. అది కాకతాళీయమని నేననుకోను.

చిత్రా దారి వేరు. దాసరి సుబ్రహ్మణ్యం నెలనెలా రాసిన జానపద సీరియల్స్‌కు బొమ్మలు ఆయనవి. 1954లో మొదలైన 'తోకచుక్క' నుంచి 'జ్వాలాద్వీపం', 'రాకాసి లోయ', 'శిథిలాలయం' దాకా పేర్లు చూస్తే చాలు, చిత్రకారుడి నెత్తిన ఎంత పని పడిందో తెలుస్తుంది. మంటలు కక్కే ద్వీపం ఎలా ఉంటుంది? రాకాసి లోయలో వెలుతురు ఎటునుంచి పడుతుంది? రచయిత ఒక్క వాక్యంలో దాటిపోయినదాన్ని చిత్రకారుడు రాయి రాయిగా కట్టాలి. చందమామ భాష పొదుపైనది. 1952 నుంచి 1980 దాకా సంపాదకత్వం చూసిన కొడవటిగంటి కుటుంబరావు వాక్యాన్ని తేటగా, సూటిగా నడిపించారు. వర్ణన భారమంతా బొమ్మమీద పడింది.

ఆ భారాన్ని మోయడానికి కొన్ని పద్ధతులున్నాయి. మొదటిది ఘట్టాన్ని ఎంచుకోవడం. దెబ్బ పడిన క్షణాన్ని గీస్తే కథ అక్కడితో అయిపోతుంది. కత్తి పైకి లేచిన క్షణాన్ని గీస్తే మిగతాది పాఠకుడే పూర్తిచేసుకుంటాడు. వచ్చే నెల సంచిక కోసం ఎదురుచూసేలా చేసేది ఆ ఎత్తిన కత్తే.

రెండోది లేని జీవిని ఉన్న జీవులతో కట్టడం. ఊహ నుంచి ఊడిపడిన భూతం బొమ్మలాగే మిగిలిపోతుంది. గద్ద గోళ్ళు, తొండ చర్మం, ముసలివాడి కనుబొమలు, ఇవన్నీ ఒక అస్థిపంజరం మీద పొందికగా అమరితే ఆ భూతం ఊపిరి పీలుస్తుంది. చూసేవాడికి ఏ ముక్కా కొత్త కాదు, మొత్తం మాత్రం కొత్త. రెక్కలున్న గుర్రాన్ని గీసేవాడు ముందు రెక్కను మోసే కండ ఎక్కడ అతుక్కుందో తేల్చుకోవాలి. ఆ చోటు తప్పితే గుర్రం ఎగరదు.

మూడోది కొలత. పక్కన మనిషి లేకపోతే రాక్షసుడు ఎంతవాడో తెలియదు. కోట గుమ్మంలో చీమంత కాపలావాడు నిలబడితేనే కోట కోటవుతుంది.

నాలుగోది జ్ఞాపకం. సీరియల్ నెలల తరబడి నడుస్తుంది. వీరుడి ముక్కు, తలపాగా ముడి, కత్తి ఏ వైపు కట్టుకున్నాడన్నది మొదటి నెల ఎలా ఉంటే చివరి నెలా అలాగే ఉండాలి. పిల్లల కళ్ళు ఎంత చురుకైనవంటే, పాత సంచిక పక్కన పెట్టుకుని మరీ పట్టుకుంటారు. నేటి భారీ సైన్స్ ఫిక్షన్ చిత్రాలకు పాత్ర రూపురేఖల పుస్తకాలు తయారుచేసేది కూడా సరిగ్గా ఇందుకే.

వీటన్నిటినీ శాసించింది అచ్చు. ఆనాటి పత్రికల్లో బొమ్మను ఫొటో తీసి, జింకు రేకు మీదికి ఎక్కించి, ఆమ్లంతో కొరికించి బ్లాకు చేసేవాళ్ళు. గీత బ్లాకుకు నలుపూ తెలుపూ తప్ప బూడిదరంగు తెలియదు. సంధ్యచీకటి కావాలంటే సన్నగీతలు పక్కపక్కన పేర్చి చీకటిని నేయాలి. గీతలు దగ్గరైతే చీకటి చిక్కబడుతుంది, మరీ దగ్గరైతే సిరా అలుక్కుపోయి ముద్దవుతుంది. బొమ్మను పెద్దదిగా గీసి బ్లాకులో చిన్నది చేస్తారు కాబట్టి చెయ్యి వణికిన తప్పులు కొంత సర్దుకుంటాయి. కాని మరీ సన్నని గీత ఆ కుదింపులో మాయమైపోతుంది. ఏది నిలుస్తుందో, ఏది పోతుందో ముందే కంటికి కట్టాలి. రంగుబొమ్మైతే పసుపు, ఎరుపు, నీలం, నలుపు ఒకదానిమీద ఒకటి పడాలి. ఒక్కటి జరిగినా రాకుమారి పెదవి చెంపమీదికి పోతుంది. అందుకే కుంచె నిండా ఇండియన్ ఇంకు ముంచి, ఒత్తితే లావుగా, తేలిస్తే సన్నగా ఒక్క ఊపులో లాగే గీత ఈ చిత్రకారుల ఆస్తి అయింది. ఆ గీతకు ఊపిరి ఉంది, అచ్చులోనూ చావదు.

చందమామ యాజమాన్యమే మరోవైపు సినిమాలు తీసింది. అక్కడ కాగితం మీద గీసినది కర్రతో, ప్లాస్టరుతో లేచి నిలబడేది. 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) చిత్రాల కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్. స్వతహాగా చిత్రకారుడైన గోఖలే గీసిన బొమ్మల నుంచే ఆ లోకాలు పుట్టాయి. మాయాబజార్ ద్వారకను 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు చోటులో సుమారు 300 చిట్టి ఇళ్ళతో కట్టి, విద్యుద్దీపాలు పెట్టారు. మార్కస్ బార్‌ట్లే కెమెరా ఆ దీపాలకు ఒప్పుకున్నాకే అది నగరమైంది. పత్రికలో కాపలావాడు చేసిన పనే ఇక్కడ కిటికీలోని దీపం చేసింది. లోపల ఎవరో కాపురం ఉంటున్నారని చూసేవాడికి అనిపించింది.

మాయాబజార్‌కు కె.వి. రెడ్డి దగ్గర సహాయ దర్శకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 1991లో 'ఆదిత్య 369' తీశారు. ఒక కాలయంత్రం శ్రీకృష్ణదేవరాయల కొలువుకూ, అక్కడినుంచి 2504వ సంవత్సరానికీ పోతుంది. రాయల కొలువుకు హంపీలో రాళ్ళున్నాయి, 2504కు ఏ ఆధారమూ లేదు. అయినా రెండింటినీ ఒకే కథలో ప్రేక్షకుడు నమ్మాలి. జానపదం నేర్పిన విద్య సైన్స్ ఫిక్షన్‌లోకి నేరుగా దిగిన చోటు అది.

ఆ తీగ నేటిదాకా సాగింది. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ'లో బుజ్జి అనే వాహనం ఉంది. కాగితం మీది ఊహను రోడ్డు మీదికి తేవడానికి చెన్నై దగ్గరి మహీంద్రా రిసెర్చ్ వ్యాలీ ఇంజనీర్లు సాయపడ్డారు, కోయంబత్తూరు జయెం ఆటోమోటివ్స్ నిర్మాణంలో చేయి కలిపింది. రెండు విద్యుత్ మోటార్ల మీద నడిచే ఆ బండి ఆరు టన్నులు. తెరమీద అది మలుపు తిరుగుతుంటే కూర్చున్న కుర్చీ కూడా ఒరిగినట్టుండటానికి కారణం ఆ ఆరు టన్నులే.

ఈ సంప్రదాయం విలువ జ్ఞాపకాల తీపితో తీరిపోయేది కాదు. శంకర్ దాదాపు ఆరు దశాబ్దాలు చందమామకు బొమ్మలు వేసి, 2020 సెప్టెంబరులో 97వ ఏట కన్నుమూశారు. 2021లో మరణానంతరం పద్మశ్రీ వచ్చింది. సత్కారం సరే, ఆ చేతుల్లోని విద్య ఎవరికి అందాలి? మన చిత్రకళా కళాశాలల్లో, యానిమేషన్ తరగతుల్లో చిత్రా, శంకర్, గోఖలే పనిని గీతగీతగా విప్పి నేర్పాలి. ఒక చందమామ పుట పక్కన ట్రేసింగ్ కాగితం పెట్టి, వెలుతురు ఎటునుంచి పడిందో, బరువు ఏ కాలిమీద ఆగిందో విద్యార్థి చేత గుర్తు పెట్టించాలి. యంత్రం క్షణంలో వెయ్యి నగరాలు పుట్టించే రోజులివి. వాటిలో ఏ గోడ నిలబడుతుందో, ఏది కూలుతుందో చెప్పగల కన్ను తయారుకావడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది.

మీ ఇంట్లో పాత చందమామ ఒక్కటైనా ఉంటే బేతాళ కథ దగ్గర తెరవండి. ఇంట్లో పిల్లలెవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క ప్రశ్న అడగండి: "నాన్నా, ఆ శవం ఎంత బరువుందో చెప్పగలవా?" వాళ్ళు రాజు భుజం వైపు చూస్తారు. ఆ చూపుతోనే పాఠం మొదలవుతుంది.