పేరు రాసిన రైళ్లు: ‘స్టైల్ వార్స్’ డాక్యుమెంటరీలో రాత, రచయిత, పాఠకుడు

టోనీ సిల్వర్ దర్శకత్వంలో, హెన్రీ చాల్‌ఫాంట్‌తో కలిసి నిర్మించిన ‘స్టైల్ వార్స్’ 1983లో వెలువడింది. సుమారు 70 నిమిషాల ఈ డాక్యుమెంటరీ అమెరికా ప్రజా టెలివిజన్‌లో ప్రసారమైంది. తర్వాతి కాలంలో సన్‌డాన్స్‌గా పేరు మారిన చలనచిత్రోత్సవంలో 1984లో ప్రధాన బహుమతి అందుకుంది. న్యూయార్క్ భూగర్భ రైళ్ల మీద రంగు డబ్బాలతో రాసిన కుర్రవాళ్లు, వీధుల్లో బ్రేక్‌డ్యాన్స్ చేసిన బృందాలు, అప్పుడప్పుడే రూపుదిద్దుకుంటున్న ర్యాప్ ఇందులోని విషయం. తొలినాటి హిప్‌హాప్‌ను గురించి మాట్లాడేవారెవరూ దీన్ని దాటి వెళ్లలేరు.

తెలుగులో గ్రాఫిటీ ప్రస్తావన వచ్చిన చోటల్లా దాన్ని ధిక్కార కళగా ఒక్క మాటలో తేల్చివేయడం అలవాటైంది. పేదవాడు, నల్లవాడు, గోడ, పోలీసు అనే నాలుగు మాటలు కలిస్తే ధిక్కారం అనే లెక్క మనకు సిద్ధంగా ఉంటుంది. ‘స్టైల్ వార్స్’ను శ్రద్ధగా చూసినవారికి ఆ లెక్క సరిపోదు. ఈ చిత్రంలోని యువకులు తమను చిత్రకారులుగానో, తిరుగుబాటుదారులుగానో చెప్పుకోరు. రచయితలమంటారు. ఆ మాటను వాచ్యార్థంలోనే తీసుకుని, వారి పనిని రచనగా చదవాలన్నది ఈ వ్యాసంలోని ప్రతిపాదన.

ఊరు మోసే పేరు

ఈ రచనలో ఉన్నదేమిటి? పేరు మాత్రమే. నినాదం లేదు, కోరిక లేదు, చాలా సందర్భాల్లో వాక్యమే లేదు. 1971 జూలైలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ‘టాకీ 183’ అనే సంతకం గురించి కథనం ప్రచురించింది. నగరమంతా తిరుగుతూ ఉత్తరాలు, పొట్లాలు అందించే పని చేసే ఒక యువకుడు తన ముద్దుపేరుకు తాను నివసించే వీధి సంఖ్యను జోడించి కనిపించిన చోటల్లా రాశాడు. పేరూ, ఆ పేరుకు ఒక తావూ తప్ప అందులో మరేమీ లేదు.

తెలుగు సాహిత్య విద్యార్థికి ఇది వింతగా తోచనక్కర్లేదు. మన కవుల పేర్లలోనూ తావే ముందు నడుస్తుంది. పాల్కురికి సోమన, బమ్మెర పోతన అన్నప్పుడు కవికంటె ముందు ఊరు పలుకుతుంది. ఆ రెండు ఊళ్లూ నేటి జనగామ జిల్లాలోనివిగా ప్రసిద్ధం. అయితే పోలిక ఇక్కడితో ఆగాలి. శతకంలో ప్రతి పద్యం చివరా మకుటం ఉంటుంది, కానీ మకుటం కోసం పద్యం ఉండదు. పదకర్త ముద్ర పదానికి ఆఖరి చరణంలో వచ్చే గుర్తు. న్యూయార్క్ రచయితలు ఈ క్రమాన్ని తలకిందులు చేశారు. పద్యాన్ని తీసివేసి మకుటాన్నే కావ్యంగా విస్తరించారు. పేరును పెట్టె పొడవునా సాగదీసి, అక్షరాలను ఒకదానిలో ఒకటి అల్లి, బాణాలు తొడిగి, నీడలు కల్పించి, చివరికి చదవడానికి వీలులేనంత జటిలం చేశారు.

చిత్రంలో కేస్ టూ అనే రచయిత తన అక్షరశైలిని వివరించే సన్నివేశం ఈ దృష్టితో విలువైనది. చిన్ననాడే ఒక చేయి కోల్పోయిన ఆ యువకుడు తన అక్షరాలు యంత్రగణకంలా పనిచేస్తాయనీ, రహస్యంగా దాగి ఉంటాయనీ గర్వంగా చెబుతాడు. అతని మాటల్లో ప్రభుత్వం లేదు, నగరపాలన లేదు. ఉన్నదల్లా శిల్పచర్చ. చిత్రబంధం కట్టిన కవి తన పద్యంలోని గూఢాన్ని విప్పి చెప్పే సంతోషం అది.

తల్లీ కొడుకులు

చిత్రానికి ఆయువుపట్టు వంటిది స్కీమ్ అనే కుర్రవాడి ఇంట్లో జరిగే సంభాషణ. తల్లికి ఈ పని నచ్చదు. రాత్రిపూట రైలుగుట్టల్లోకి పోయి ప్రాణం మీదికి తెచ్చుకునేంత గొప్పదనం ఇందులో ఏముందని అడుగుతుంది. కొడుకు జవాబు విమర్శకులను ఆలోచింపజేయాలి. బయటివారు చూసినా చూడకపోయినా, చదవగలిగినా లేకపోయినా తనకు పట్టదంటాడు. ఇది తన కోసమూ, తనతోపాటు రాసేవారి కోసమూ అంటాడు. నగరంలోని లక్షలాది ప్రయాణికుల కళ్ల ముందు తిరిగే రచనకు ఉద్దిష్ట పాఠకులు గుప్పెడు మందే.

తల్లిని దర్శకుడు హాస్యానికి వాడుకోలేదు. ఆమె ప్రశ్నకు కొడుకు దగ్గర పూర్తి సమాధానం లేదని మనకు తెలుస్తూనే ఉంటుంది. నగర మేయర్ ఎడ్ కోచ్ కంచెలు, కాపలా కుక్కలు, ముష్టియోధులతో చేయించిన ప్రచార ప్రకటనలు చూపుతూ మాట్లాడినప్పుడు ప్రేక్షకుడు సులువుగా కుర్రవాళ్ల పక్షం వహిస్తాడు. తల్లి మాట్లాడినప్పుడు అది అంత సులువు కాదు. చిత్రం మొత్తంలో గుర్తుండిపోయే స్త్రీ స్వరం ఈ తల్లిదే కావడం మాత్రం ఒక లోపం. రాసే చేయి మగవాడిది, వద్దనే నోరు తల్లిది అన్న పంపకం చిత్రంలో ప్రశ్నకు గురికాకుండానే మిగిలింది.

శీర్షికలోని యుద్ధం కూడా మేయర్‌తో జరిగేది కాదు. అది రచయితల మధ్య జరిగేది. క్యాప్ అనే రచయిత, ఇతరులు రాత్రంతా శ్రమించి తీర్చిన అక్షరాల మీద తన పేరును మోటుగా, క్షణాల్లో కొట్టేస్తాడు. మిగిలినవారికి అతడు శత్రువు. క్యాప్ వాదానికీ తర్కం ఉంది: పేరు ఎన్నిచోట్ల ఉందన్నదే లెక్క, ఎంత అందంగా ఉందన్నది కాదు. అనుమతి లేని రాతలోనూ అలిఖిత నియమం ఉంటుందనీ, దాన్ని అతిక్రమించినవాడికి పోలీసు కన్నా తోటి రచయితే తీవ్రంగా శిక్ష వేస్తాడనీ ఈ భాగం చూపుతుంది. ధిక్కారం అనే ఒక్క మాటతో క్యాప్‌ను వివరించలేం.

చిత్రం కూర్చిన ఐక్యత

ర్యాప్, నృత్యం, గ్రాఫిటీ మూడూ ఒకే సంస్కృతి అనే భావన స్థిరపడడంలో ఈ చిత్రం పాత్ర పెద్దది. కాలక్రమం అంత సూటిగా లేదు. హిప్‌హాప్ పుట్టుకగా చెప్పుకునే కూల్ హెర్క్ విందు బ్రాంక్స్‌లో 1973 ఆగస్టు 11న జరిగింది. టాకీ సంతకం గోడలకెక్కింది అంతకు ముందే. రైళ్ల మీద రాసినవారిలో రాక్ సంగీతం విన్నవారూ ఉన్నారు. తెరమీద ర్యాప్ నేపథ్యంలో రైలు సాగిపోతుంటే ప్రేక్షకుడు ఆ రెంటినీ కవలలుగా నమ్ముతాడు. ఇది అబద్ధమనను. ఒకే పేటల్లో, ఒకే వయసువారి మధ్య ఎదిగిన కళలకు బంధుత్వం ఉండనే ఉంటుంది. కానీ ఆ బంధుత్వాన్ని వంశవృక్షంగా మార్చింది కొంతవరకు కూర్పు బల్ల.

మన వైపు గోడలు

జనగామ నుంచి చేర్యాల వెళ్లే దారిలో బచ్చన్నపేట మీదుగా పోయేవారికి గోడలు చదవడం అలవాటే. సిమెంటు, విత్తనాల ప్రకటనలు, ఎన్నికలకు ముందే సున్నం కొట్టి పార్టీ పేరుతో ‘రిజర్వు’ చేసుకున్న గోడలు అందులో ఉంటాయి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన ప్రాంతమిది. 1970ల తర్వాత తెలంగాణ గోడల మీద విప్లవ నినాదం, 2009 తర్వాత ప్రత్యేక రాష్ట్ర నినాదం విస్తారంగా కనిపించాయి. ఈ గోడరాతను న్యూయార్క్ రాతతో కలిపి ఒకే వర్గంలో వేయడం తొందరపాటు. అక్కడ పేరు ఉంది, సందేశం లేదు. ఇక్కడ సందేశం ఉంది, రాసినవాడి పేరు లేదు. ఉంటే సంస్థ పేరు ఉంటుంది. అక్కడ అక్షరం జటిలమైతే కీర్తి. ఇక్కడ అక్షరం దూరానికి, అప్పుడే చదువు నేర్చినవాడికి కూడా కనబడాలి. పేరు బయటపడితే అక్కడ కీర్తి పెరుగుతుంది, ఇక్కడ ప్రాణాపాయం.

న్యూయార్క్ రాతకు దగ్గరి ఉదాహరణ గోడమీద కాక బండిమీద దొరుకుతుంది. తెలంగాణ ఉద్యమకాలంలో ఎందరో తమ వాహనాల నంబరు పలకపై ‘ఏపీ’ తీసివేసి ‘టీజీ’ అని రాసుకున్నారు. వాక్యం లేదు, రెండక్షరాల పేరు మాత్రమే. అది కదిలే పలక మీద, చట్టానికి వ్యతిరేకంగా. 2014లో రాష్ట్రం వచ్చాక ప్రభుత్వ సంకేతం ‘టీఎస్’ అయింది. 2024లో ‘టీజీ’గా మారింది. అలా ఒక అనధికార రాత అధికారిక సంకేతమైంది.

చేర్యాల పటం మరో దారి చూపుతుంది. నకాశీ చిత్రకారుడు గీసిన పటాన్ని కథకుడు ఒక్కొక్క గడిగా విప్పుతూ కులపురాణం గానం చేస్తాడు. బొమ్మ, గొంతు కలిస్తేనే పాఠం పూర్తవుతుంది. రైలు మీది పేరుకు అటువంటి కథకుడు లేడు. రసాయనాలతో కడిగేశాక ఆ రచనలు ఒక్కటీ మిగలలేదు. 1989 మే నెలలో రైళ్లన్నీ శుభ్రమయ్యాయని అక్కడి రవాణా సంస్థ ప్రకటించింది. చాల్‌ఫాంట్ ఛాయాచిత్రాలు, ఈ డాక్యుమెంటరీ కథకుడి పని చేశాయి.

సిల్వర్ కెమెరా కేస్ టూను ముందుగా అడిగింది అక్షరం గురించి. మన గోడరాతల పరిశీలనలో, నాకు తెలిసినంతలో, నినాదం ఏ పంథాదో తేల్చడానికే ఎక్కువ స్థలం పోయింది. ఆ గోడలు రాసినవారిలో చాలామంది ఇప్పుడు వృద్ధులు. వారిని కలిసే పరిశోధకుడు కుంచె దేనితో చేశారో, చీకట్లో గీత వంకర పోకుండా ఎలా చూసుకున్నారో, గోడ చాలనప్పుడు ఏ మాటను వదిలేశారో కూడా అడగాలి.