తప్పు మీటదా, గొట్టానిదా?

వేటకథలు చదువు అలవాటు గలవారికి కెన్నెత్ ఆండర్సన్ పేరు క్రొత్త కాదు. 1954 లో ఆయన మొదటి గ్రంథము వెలువడినది. మన చిత్తూరు సీమలోని మామండూరు, చామల లోయ అడవులు ఆయన కథలకు రంగస్థలములు. సూళ్లూరుపేటవారికి అవి దూరపు అడవులు కావు. ఆయన చేతి ఆయుధము 1895 నమూనా వించెస్టరు రైఫిలు. పిడిక్రింది మీటను ఒకసారి క్రిందికి త్రోసి పైకి లాగినచో ఖాళీ తూటా బయటపడి క్రొత్తది గదిలోనికి చేరును. కౌబాయ్ చిత్రములు చూచినవారికి ఈ విన్యాసము తెలిసినదే.

ఈ కథల అభిమానుల నోట తరచు ఒక సూత్రము వినబడుచుండును: “మీట రైఫిలులో మొనదేలిన గుండు వాడరాదు.” మా తరగతిలోని ఒక విద్యార్థి కూడ ఈ మాటనే ధీమాగా చెప్పినాడు. ఎందుకని అడిగితిని. “మీటకు ఆ బలము చాలదండీ” అన్నాడు. సూత్రము సగమే సరియైనది. కారణము పూర్తిగా తప్పు. ఈ వ్యాసములో విమర్శింపదలచినది ఆ విద్యార్థిని కాదు, అట్టి జవాబునకు దారితీసిన మన బోధనను.

శాస్త్రపద్ధతిలో ఒక కారణమును నిర్ణయింపవలెనన్న, రెండు అంశములను విడదీసి చూడవలెను. ఇచ్చట ఆ రెండు అంశములు మీట, తూటాలనుంచు గొట్టము. చాల మీట రైఫిళ్లలో గుండు వెడలు గొట్టముక్రింద మరియొక సన్నని గొట్టముండును. తూటాలు దానిలో ఒకదానివెనుక నొకటిగా, వెనుకదాని మొన ముందుదాని అడుగునకు ఆనునట్లు నిలుచును. స్ప్రింగు వాటిని వెనుకకు నెట్టుచుండును. కాని ఆండర్సన్ రైఫిలులో ఈ గొట్టము లేదు. జాన్ బ్రౌనింగు దానికి పెట్టెవంటి అర నమర్చినాడు. అందులో తూటాలు ఒకదానిపై నొకటిగా నుండును. మొదటి ప్రపంచయుద్ధములో రష్యా ఈ నమూనానే సుమారు మూడు లక్షలవరకు కొని, మొనదేలిన గుండ్లను నిరపాయముగా కాల్చినది. అనగా మీట ఉన్నది, దోషము లేదు.

ఇక దీనికి వ్యతిరేకమైన ఉదాహరణ. 1886 నాటి ఫ్రెంచి లెబెల్ రైఫిలునకు మీట లేదు. చేతితో వెనుకకు లాగు గడియ కలదు. కాని తూటాలు ఎనిమిది గొట్టములోనే. 1898 లో ఫ్రెంచివారు మొనదేలిన గుండును ప్రవేశపెట్టినప్పుడు, వెనుకనున్న గుండు మొన ముందుదాని రంజకపు టోపిని తాకకుండ, టోపి చుట్టును తూటా అడుగున వలయాకారపు గాడి నొకటి చేయవలసివచ్చినది. మీట లేదు, దోషము ఉన్నది. కనుక నేరము గొట్టానిదేకాని మీటది కాదు.

ఆ నేరము ఎట్లు జరుగును? మన పాఠ్యపుస్తకములలో న్యూటను మూడవ నియమమునకు తుపాకి ఉదాహరణ తప్పక ఉండును. 11 గ్రాముల గుండు సెకనుకు 670 మీటర్ల వేగముతో ముందుకు పోయినచో 3 కిలోల రైఫిలు సెకనుకు సుమారు రెండున్నర మీటర్ల వేగముతో వెనుకకు తన్నును. గుండుతోపాటు వెడలు వాయువులను కూడ లెక్కించిన ఇంకను ఎక్కువ. పుస్తకము ఇచ్చటితో ఆగిపోవును. తుపాకి ఒక ఘనమైన ముద్ద అన్నట్లు, దాని లోపలనున్న వస్తువుల గతి యేమని అడుగదు.

గొట్టములోని తూటాలు బస్సులో వరుసగా నిలుచున్న ప్రయాణికులవంటివి. రైఫిలు తటాలున వెనుకకు కదలినప్పుడు, జడత్వముచేత అవి ఉన్నచోటనే ఉండజూచును. స్ప్రింగు నొక్కుకొనును. మరుక్షణమున భుజము రైఫిలును ఆపును. స్ప్రింగు తిరిగి సాగును. తూటాల వరుస వెనుకకు వచ్చి ఒకదానితో నొకటి ఢీకొనును. ఆ తాకిడిలో గుండు మొన తగులు చోటు ముందుదాని అడుగున నడిమిభాగము. రంజకము ఉన్నది సరిగా అచ్చటనే.

బలము అంతే అయినను, తాకు వైశాల్యము తగ్గినకొలది పీడనము పెరుగును. 20 చదరపు మిల్లీమీటర్ల చదునుముఖముపై పడు బలమే ఒక చదరపు మిల్లీమీటరు మొనపై పడినచో పీడనము ఇరువది రెట్లగును. మొన అప్పుడు టోపిని కొట్టు సూదియే. ఒక తూటా పేలిన, ప్రక్కనున్నవి కూడ పేలవచ్చును. పలుచని ఆ గొట్టమును పట్టుకొనియున్నది మనిషి ఎడమచేయి!

అందుకనియే 1894 నమూనా వించెస్టరునకు తగిన .30-30 తూటాలో గుండు ముఖము చదునుగా నుండును. అంతకుముందు 1860 నాటి హెన్రీ రైఫిలునకు ఈ బెడద లేదు. దాని తూటాలో రంజకము అంచున ఉండెను, నడుమ కాదు. ఈ శతాబ్దపు మొదటి దశకములో అమెరికాలోని హార్నడీ సంస్థ, మొన ఉన్నను నొక్కిన వంగు మెత్తని ప్లాస్టిక్కు కొనగల గుండ్లను గొట్టపు రైఫిళ్లకొరకే తయారుచేసినది. చూడుడు: మూడు పరిష్కారములును ఒక్క ప్రశ్ననే ఎదుర్కొన్నవి. మొన, రంజకము, గట్టిదనము: ఈ మూటిలో ఏదో ఒకదానిని మార్చినచో చాలును.

కావున లైసెన్సుగల తుపాకి చేతనున్నవాడు గుండు పేరునుబట్టి కాక, తన రైఫిలులో తూటాలు నిలుచు తీరునుబట్టి ఎన్నుకొనవలెను. గొట్టమున్నచో, గొట్టపు రైఫిళ్లకు తగినదని తయారీదారు స్పష్టముగా చెప్పిన తూటానే వాడవలెను. సీసము మెత్తనిదేకదా అని మొనదేలినదానిని నమ్మరాదు. తిరిగి నింపిన తూటాలలో టోపి అడుగుమట్టముకన్న పైకి ఉబికియున్నచో దానిని ముట్టరాదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము వచ్చినపిమ్మట ఆండర్సన్‌నాటి వేట ముగిసినది. అది ముగియుట మంచిదే. కాని ఆయన రైఫిలు నేర్పు పాఠము ముగియలేదు. వేటకథకుడు యంత్రశాస్త్రము బోధింపలేదని నిందించుట న్యాయము కాదు. ఆ పని పాఠ్యపుస్తకమునది, మా ఉపాధ్యాయులది. శ్రీహరికోటనుండి రాకెట్టు లేచినప్పుడెల్ల మేడలెక్కి చూచు మా ఊరి పిల్లలు మూడవ నియమమును నిద్రలో లేపి అడిగినను అప్పజెప్పగలరు. తన్నుడుకు గురియైన వస్తువులోపల ఏమి జరుగునని అడిగినచో మాత్రము తడబడుదురు. ఆ ఒక్క ప్రశ్నను పాఠము చివర చేర్చినచో, సూత్రము కంఠస్థముగా మిగిలిపోక, అవసరమైనవేళ ఒక చేతిని కాపాడగలదు.