నీరు పడని బండ

అనంతపురం పీఠభూమిలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన కురుస్తుంది కనుక, వానను నమ్మి వేసిన వేరుశనగ చేతికి రాని ఏళ్లు పెరిగేకొద్దీ రైతు బోరు వైపు తిరిగాడు. అయితే అడుగున ఉన్నవి దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు, నీస్ శిలలు కావడంతో నీరు రాతిలో కాక దాని పగుళ్లలోనే దొరుకుతుంది. వెయ్యి అడుగులు దించినా రాతిపొడే పైకి వచ్చే బోరు కుటుంబాన్ని అప్పులో ముంచుతుంది. అణు వ్యర్థాలను శాశ్వతంగా దాచే చోటు కోసం వెతికే శాస్త్రవేత్తకు కావలసింది మాత్రం అటువంటి బండే, పగుళ్లు తక్కువై నీరు కదలని బండ.

భారతదేశం రియాక్టరులో వాడిన ఇంధనాన్ని పునఃశుద్ధి చేసి, అంటే అందులోని యురేనియం, ప్లుటోనియంలను రసాయనికంగా వేరుచేసి, మిగిలిన తీవ్ర రేడియోధార్మిక ద్రవాన్ని ట్రాంబే, తారాపూర్, కల్పాక్కం కేంద్రాల్లో బోరోసిలికేట్ గాజుగా మార్చి స్టీలు డబ్బాల్లో పోస్తుంది. ఆ గాజులోని సీజియం-137 ప్రతి 30 ఏళ్లకు సగమవుతూ కొన్ని శతాబ్దాల్లో చాలావరకు అణగిపోతుంది కానీ, టెక్నీషియం-99 ఒక్కసారి సగం కావడానికే రెండు లక్షల ఏళ్లకు పైగా పడుతుంది. అంతకాలం కాపలా కాయగల రాజ్యమేదీ ఉండదు కనుకనే, ఫిన్లాండ్ ఓల్కిలువొటో దీవి కింద 400 మీటర్లకు పైగా లోతున తొలిచినట్టు, స్థిరమైన శిలలో భూగర్భ నిక్షేపాగారాన్ని నిర్మించాలన్న ఆలోచన పుట్టింది.

ఈ ఆలోచన అనంతపురానికి పొరుగునే ఒకసారి పరీక్షకు వచ్చింది. తెలుగు, తమిళ కార్మికుల చెమటతో తవ్విన కోలారు బంగారు గనిలో, సుమారు వెయ్యి మీటర్ల లోతున, భాభా అణు పరిశోధన కేంద్రం 1980లలో విద్యుత్ హీటర్లు అమర్చి, వ్యర్థం వెలువరించే వేడికి చుట్టూ ఉన్న రాయి ఎలా వ్యాకోచిస్తుందో, ఎంత ఒత్తిడికి లోనవుతుందో కొలిచింది. అక్కడ వ్యర్థాలేవీ పెట్టలేదు. గని 2001లో మూతపడింది.

రాతిని ఎంత తెలుసుకున్నా డబ్బాలో ఏముందో తెలియకపోతే ఆ శ్రమ వృథా. అమెరికాలోని న్యూమెక్సికోలో ఉప్పు పొరల మధ్య 650 మీటర్ల లోతున నడిచే నిక్షేపాగారంలో 2014 ఫిబ్రవరిలో ఒక డ్రమ్ము పగిలి రేడియోధార్మికత బయటపడింది. తేమను పీల్చేందుకు ఖనిజ పదార్థానికి బదులు వాడిన సేంద్రియ పదార్థం లోపలి నైట్రేటు లవణాలతో చర్య జరపడమే అందుకు కారణం. ఉప్పు పొరలో లోపమేమీ లేకున్నా ఆ కేంద్రం దాదాపు మూడేళ్లు వ్యర్థాలను స్వీకరించలేదు. వ్యర్థాల స్వభావ నిర్ధారణ, అనగా ప్రతి డబ్బాలోని మూలకాలను, రసాయనాలను, తేమను, పుట్టే వాయువులను ముందే తేల్చడం, గుమాస్తా పని కాదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

రాతి విషయంలోనూ అంతే శ్రద్ధ కావాలి. అనంతపురం పల్లెల్లో ఎముకలను వంచే ఫ్లోరైడు, గ్రానైటులోని ఖనిజాలను నీరు ఏళ్ల తరబడి కరిగించుకోవడం వల్ల వచ్చిందే. స్టీలును, గాజును లోతైన నీరు ఎంత వేగంగా తినగలదో లెక్కించేవారు అడిగేదీ నీరు రాతి నుంచి ఏమేం కరిగించుకుంటుందన్న ఈ ప్రశ్నే. అయినా ఈ నేలలో అసలు ప్రమాదం దాహం నుంచి వస్తుంది. నీటి కోసం, ఖనిజం కోసం మనుషులు మళ్లీ తవ్వే అవకాశమున్న చోటును నిక్షేపాగారానికి ఎంచుకోకూడదన్నది ఆ శాస్త్రంలో స్థిరపడిన సూత్రం. ఊరూరా బోర్లు దించిన, రామగిరిలో బంగారం కోసం తవ్విన ఈ ప్రాంతంలో, రాయి ఎంత గట్టిదైనా, దాన్ని రేపు ఎవరూ తొలవరని హామీ ఇవ్వడం సాధ్యం కాదు.

దేశంలో వ్యర్థాల పరిమాణం తక్కువ కనుక కొన్ని దశాబ్దాల వరకు నిక్షేపాగారం అవసరం లేదని అణుశక్తి విభాగం చెబుతూ వస్తోంది. ఆ వాదనలో బలముంది. అయితే పక్కనే కడప జిల్లా తుమ్మలపల్లెలో, వెయ్యి కిలోల ఖనిజంలో అరకిలో కూడా లేని యురేనియాన్ని తీసుకున్నాక మిగిలేదంతా టెయిలింగ్ పాండులోకే, అంటే నేల మీది వ్యర్థాల చెరువులోకే వెళుతుంది. అందులోని రేడియం-226 సగం కావడానికి 1,600 ఏళ్లు, థోరియం-230కి 75 వేల ఏళ్లు పడుతుంది. బోరు నీళ్లు చెడిపోతున్నాయని చుట్టుపక్కల రైతులు మొరపెట్టుకుంటున్నారు. ఆ బోర్లన్నింటినీ క్రమం తప్పక స్వతంత్ర సంస్థ చేత పరీక్షింపజేసి, ఫలితాలను తెలుగులో గ్రామ సచివాలయం గోడ మీద అంటించే పనికి ఏ సొరంగమూ తవ్వనక్కరలేదు.