పాలపిట్ట నీలము: రామన్ వ్యాసముపై విమర్శ

హుజూర్‌నగర్ ప్రాంతమున దసరానాడు జమ్మిపూజ కాగానే జనులు పాలపిట్టకై పొలముల వైపు నడుతురు. తీగపై ముడుచుకొని కూర్చున్నంతసేపు అది ఇంచుమించు మట్టిరంగు పక్షియే. ఎగిరినపుడు గదా ముదురు నీలము, లేత నీలము పట్టీలుగా విచ్చుకొనును! ఈ నీలమును గూర్చి సర్ సి. వి. రామన్ 1934లో, తాను బెంగుళూరున స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పత్రిక తొలి సంపుటమున ఒక చిన్న వ్యాసము వ్రాసెను. విశాఖపట్టణమున చదువుకొన్నవాని వ్యాసము. తెలుగు విద్యార్థి తెలిసికొనదగినది.

పాలపిట్ట ఈకలో నీలిరంగు పదార్థము లేదు. నలుగగొట్టినచో నీలము పోయి గోధుమరంగు పొడి మిగులును. ఇంతవరకు వివాదము లేదు. ఈక లోపలి సూక్ష్మమైన గుల్లలు, ఆకాశమందలి అణువులవలె, నీలకాంతిని ఎక్కువగా చెదరగొట్టునని అప్పటి పుస్తకములు చెప్పెడివి. టిండాల్ పేర చెలామణి అయిన ఈ మాట చెప్పుటకు సులభము, వినుటకు ఇంపు. రామన్ దీని నంగీకరింపలేదు. కాంతి చెదరుటపై పరిశోధనకే 1930లో నోబెల్ బహుమానము పొందినవాడు, ఆ కారణము ఇక్కడ చాలదనుట విశేషము.

ఈ పక్షమునకు బలము రెక్కలోనే ఉన్నది. చెదరుటయే కారణమైనచో తరంగము పొట్టిదగుకొలది కాంతి హెచ్చుచునే పోవలెను. ఆకుపచ్చ కలిసిన లేత నీలమునకు తావుండదు. మరి ఒకే రెక్కలో రెండు నీలములెట్లు వచ్చెను? గుల్లల మధ్య దూరములు ఇంచుమించు సమానమై, వానినుండి మరలివచ్చు తరంగములు కలిసి బలపడవలెను. దూరము కొంచెము మారిన రంగు మారును.

కాని వ్యాసమున లోటు లేకపోలేదు. ఆ అమరికను రామన్ కంటితో చూడలేదు. కాంతి తరంగముకంటె చిన్న దూరములను మామూలు సూక్ష్మదర్శిని విడదీసి చూపజాలదు. 1942లో ఆండర్సన్, రిచర్డ్స్ అనువారు ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో మార్ఫో సీతాకోకచిలుక రెక్కను పరీక్షించిరి. దాని పొలుసుపై గట్లు, గట్టుగట్టుకు అరలవలె పేర్చిన పలుచని పొరలు. పొరకు పొరకు నడుమ మిల్లీమీటరులో సుమారు 5,000వ వంతు. స్పిరిటు చుక్క వేసిన ఆ నీలము పచ్చబడును, ఆరగానే మరల నీలమే. అది క్రమమైన అమరిక. పాలపిట్ట ఈకలోనిదో, స్పంజివలె కలగాపులగము. దూరములు మాత్రము సమానము. ఏ వైపునుండి చూచినను దాదాపు ఒకే నీలము కనబడుట ఇందువలననే. టిండాల్ వాదము అన్నాళ్లు నిలుచుటకును ఇదియే కారణము.

1998లో రిచర్డ్ ప్రమ్ బృందము కోటింగా అను మరియొక నీలిపక్షి ఈకల ఎలక్ట్రాను ఛాయాచిత్రములను గణితముతో విశ్లేషించి, ఆ దూరముల సమానతను కొలిచి చూపెను.